ఏడుపులు చెప్పే అక్క

మొన్న యూసుఫ్‌గూడలో ఒక బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి కూర్చున్నాను. గడ్డం కింద వెంట్రుకలు తీయించుకోవడానికి నెలకోసారి అక్కడికి వెళ్తుంటాను. పార్లరమ్మాయి దారం పళ్ళ మధ్య బిగించి పని మొదలుపెట్టింది. గోడ మీది టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. చంకలో పసిబిడ్డతో హీరోయిన్ వానలో పరుగెడుతోంది. ఆ బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

"మా అక్క!" అన్నాను.

"ఎవరండీ, ఆ హీరోయినా?" అమ్మాయి దారం వదిలేసి టీవీ వైపు తిరిగింది.

"కాదమ్మా. ఆ పాప."

ఆ అమ్మాయి నన్నూ టీవీనీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా మళ్ళీ దారం పట్టుకుంది. నా గడ్డం మీద సగం వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ పరిస్థితిలో వివరం చెప్పడం కుదరలేదు. ఇక్కడ చెప్తాను.

నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీరుని. థియేటర్ అంటే పెద్దదేం కాదు. ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో రెండు గదులు, మధ్యలో అద్దం. అటువైపు గదిలో ఆర్టిస్టులు మైకు ముందు నిలబడి తెర మీది మనుషులకు మాటలు చెప్తారు. ఇటువైపు నేను కూర్చుని రికార్డు చేస్తాను. షూటింగులో పసిపిల్లలు దర్శకుడు ఏడవమన్నప్పుడు ఏడవరు. ఊరుకోమన్నప్పుడు మాత్రం తప్పకుండా ఏడుస్తారు. అందుకని వాళ్ళ ఏడుపులు, నవ్వులు, వెక్కిళ్ళు తర్వాత పెద్దవాళ్ళ చేత చెప్పిస్తారు. మా థియేటర్లో ఆ పని అక్కది. ఆమె అసలు పేరు యూనియన్ కార్డు మీద ఉంది కానీ ఇక్కడ రాయను. బతికి ఉన్నప్పుడే పేరు వేస్తామంటే వద్దనేది. "నా పేరేసుకొని ఏం జేస్తరు సారూ, పిల్లగాని పేరెయ్యుండ్రి," అనేది. దర్శకులకూ, వాచ్‌మన్‌కూ, నాకూ ఆమె అక్కే.

అప్పటికి యాభై ఆరేళ్ళు ఉంటాయి. నా భుజం దాకా వచ్చేది. నైలాన్ చీర, చేతిలో బట్ట సంచి, సంచిలో గోరువెచ్చటి నీళ్ళ సీసా, చిన్న డబ్బాలో అల్లం ముక్కలు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చేది. మైకు దగ్గర నిలబడగానే ముందు తెర మీది బిడ్డని చూసి, తర్వాత అసిస్టెంట్ డైరెక్టర్‌ని అడిగేది.

"ఎన్ని నెల్ల పిల్ల సారూ? ఆకలైతుందా, కడుపు నొస్తుందా, తడుపుకున్నదా?"

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్ దీనికి విసుక్కున్నాడు. "ఊరికే ఏడుపమ్మా. మామూలు ఏడుపు."

"ఊకె ఎవ్వలు ఏడ్వరు సారూ," అంది అక్క శాంతంగా. "గా పిల్లకు ఏమైందో చెప్పుండ్రి, ఏడుస్త."

అతను స్క్రిప్టు తిరగేశాడు. స్క్రిప్టులో రాసి లేదు. దర్శకుడికి ఫోన్ చేశాడు. దర్శకుడు కాసేపు ఆలోచించి, ఆకలి అని తేల్చాడు. అప్పుడు అక్క మాకు వీపు చూపించి, చీర కొంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నా చెవుల్లో ఉన్న హెడ్‌ఫోన్స్‌లో మూడు నెలల బిడ్డ ఆకలికి ఏడ్చింది. టేక్ అయిపోగానే ఆమె తెర వైపు చెయ్యి చాపి, "అయిపోయింది బిడ్డా, ఊకో, ఊకో," అంది. ప్రతి టేక్ తర్వాతా అలాగే అనేది. బొమ్మలో, అంటే సినిమాలో, పిల్ల మారేది కానీ ఆ మాట మారేది కాదు.

అప్పటికి మాకు పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి రెండేళ్ళు. నాకు పీసీఓఎస్ ఉంది, అండాశయంలో గుడ్లు సరిగా ఎదగని సమస్య. నెలసరి తన ఇష్టప్రకారం వస్తుంది. ఒకసారి నలభై రోజులకు, ఒకసారి డెబ్భై రోజులకు. రాని ప్రతిసారీ నేనొక టెస్టు కిట్టు కొనుక్కుని ఆశపడటం, ఒక్క గీతే కనిపించడం, మూడు రోజుల తర్వాత నెలసరి రావడం. మా ఆయన మురళి మంచివాడు. "వచ్చే నెల చూద్దాంలే," అనేవాడు. నాకు వచ్చే నెల ఎప్పుడొస్తుందో నాకే తెలియదు కదా అని అతని మీద అరిచేదాన్ని.

సలహాలకైతే కొదవ లేదు. రాజమండ్రి నుంచి అమ్మ పొద్దున్నే ఫోను చేసి మెంతులు నానబెట్టావా అని అడిగేది. మా ఆడపడుచు అవిసె గింజలంది. పక్కింటావిడ దాల్చినచెక్క నీళ్ళంది. మా ఆఫీసులో ఒకాయన, పెళ్ళి కూడా కాలేదు ఆయనకు, "టెన్షన్ పెట్టుకోకుండా ఉంటే అదే వస్తుంది మేడమ్," అన్నాడు. ఆ మాట విన్న రోజున నాకు వచ్చినంత టెన్షన్ ఎప్పుడూ రాలేదు.

ఒక రోజు లంచ్ టైములో బాత్రూమ్ అద్దం ముందు నిలబడి గడ్డం మీది వెంట్రుకలు ప్లకర్‌తో పీకుతుంటే అక్క లోపలికి వచ్చింది. నేను గభాలున చెయ్యి దాచాను.

"దాస్తవేంది," అంది చేతులు కడుక్కుంటూ. "నాకూ ఉండె. మా ఆయన కన్న నాకే మంచిగొచ్చేది. ఆయనకు మీసమే సక్కగ రాలే."

నవ్వాపుకోలేకపోయాను. ఆమె అద్దంలోంచి నా ముఖం చూసింది.

"నెల నెల రాదు గదా నీకు?"

"నీకెలా తెలుసక్కా?"

"నాకెట్ల తెల్వదు? నాకు నాలుగు నెల్లకోసారి వచ్చేది."

అక్కకు పిల్లలు లేరని నాకు అప్పుడే తెలిసింది. రోజంతా పిల్లల గొంతుతో ఏడ్చే మనిషికి ఇంటి నిండా పిల్లలు ఉంటారని ఎందుకో అనుకున్నాను. మందులేమైనా వాడారా అని అడిగాను. ఆమె ముఖం వెలిగిపోయింది. కుళాయి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.

"మందులా! వేపాకు రసం తాగిన. నలభై రోజులు మునగాకు తిన్న. ఒకామె చెప్తె నల్ల నువ్వులు బెల్లం తిన్న, గదైతే మంచిగుండె. దర్గల తాయెత్తు కట్టిచ్చిన్రు. గుట్ట మీద గుడిల పొర్లు దండాలు పెట్టిన, మోకాళ్ళు కొట్టుకపోయినయి. బొడ్డు మీద మట్టి పెట్టుకొని పండుకున్న. ఏదీ పనిచెయ్యలే. గందుకే చెప్తున్న చెల్లె, గివన్ని నేను చేసి చూసిన. నువ్వు టైమ్ ఖరాబ్ చేసుకోకు. డాక్టరమ్మ దగ్గరికి పో."

ఏది పనిచేస్తుందో అందరూ చెప్పారు. ఏది పనిచెయ్యదో చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. నాకు ప్రాణం హాయిగా ఉంది. ఆ రోజు నుంచి అమ్మ కొత్త చిట్కా చెప్పినప్పుడల్లా అక్కని అడిగేదాన్ని. "చేసిన," అనేది. "దానితోని విరేచనాలు అయితయి, గంతే."

డాక్టరు నాలుగైదు కిలోలు తగ్గమంది. నా బరువు తగ్గించే బాధ్యత అక్క తీసుకుంది. ఆమె షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్‌కు నడిచే వచ్చేది. ఎండైనా, చినుకులైనా ఆటో ఎక్కేది కాదు. లంచ్ అయ్యాక నన్ను కుర్చీలోంచి లేపి, "పా, నడుద్దాం," అనేది. మా వీధి నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎత్తు ఎక్కేసరికి నాకు ఊపిరి ఆడేది కాదు. ఆమె మాత్రం మాట ఆపకుండా ఎక్కేది. ప్రతి గేటు ముందు కాపలా ఉండే మనిషి ఆమెకు తెలుసు. "గీ బంగ్లాల కుక్కకు ఏసీ రూం ఉన్నది. గీ ఇంటాయన బొమ్మల మస్తు కొట్లాడుతడు గని, బల్లిని చూస్తె ఉరుకుతడు," అని చెప్పేది. ఒక గేటు ముందు మాత్రం ఆగి, "గీ బిడ్డను నేను ఏడ్చిన," అంది ఒకసారి. లోపల పాతికేళ్ళ కుర్రాడు కారు తుడుస్తున్నాడు. బాలనటుడిగా మొదలై ఇప్పుడు హీరో ప్రయత్నాల్లో ఉన్నాడట. "పది నెల్లప్పుడు మొదటి బొమ్మ. పండ్లు వస్తున్నప్పటి ఏడుపు. గిప్పుడు నన్ను గుర్తుపట్టడు. ఎట్ల పడ్తడు?" అని తనే నవ్వేసింది.

డాక్టరు గుడ్డు తయారవడానికి మాత్రలిచ్చింది. మురళికి పరీక్షలు చేయించింది, అతనికి ఏ లోపమూ లేదు. మొదటి నెల మాత్రలు వేసుకుని, గుడ్డు విడుదలవ్వాల్సిన రోజు నుంచి పద్నాలుగు రోజులు ఒళ్ళంతా చెవులు చేసుకుని తిరిగాను. పదిహేనో రోజు పొద్దున నెలసరి వచ్చింది. అదే రోజు పదకొండు గంటలకు అక్క సెషన్ ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ, మొదటి ఏడుపు.

మొదటి టేక్ బాగా వచ్చింది. దర్శకుడు ఇంకొకటి కావాలన్నాడు. రెండో టేక్ సగంలో నా చెయ్యి దానంతటదే స్టాప్ నొక్కేసింది. హెడ్‌ఫోన్స్ తీసేసి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి అక్క వచ్చి, పై మెట్టు మీద కూర్చుంది. ఆ రోజు ఆమెను నేనన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

"నీకెలా వస్తుందక్కా ఇలా ఏడవడం? నీకేమీ అనిపించదా?"

ఆమెకు కోపం రాలేదు. అల్లం డబ్బా తీసి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఎందుకనిపియ్యదు?" అంది. "మొదట్ల నాకు లేరని ఏడ్చిన. గప్పుడు మస్తు పేరొచ్చింది నాకు. తర్వాత తర్వాత గా బొమ్మల పిల్ల కోసం ఏడ్చిన. గిప్పుడు పని కోసం ఏడుస్త. మూడూ నీ మిషన్ల ఒక్క తీరే ఇనపడ్తయి. నువ్వు గూడ కొన్నొద్దులు ఏడువు. ఏం గాదు. గని గా సారు లోపల కూసున్నడు, జర లేశి రా."

లేచి వెళ్ళాను. రెండో టేక్ మళ్ళీ తీశాం.

తర్వాతి నెల స్కాన్ రోజుకి మురళి ఆఫీసు పని మీద పుణె వెళ్ళాల్సి వచ్చింది. గుడ్డు ఎంత పెరిగిందో చూసే స్కాన్ అది, రోజు తప్పితే లాభం లేదు. అక్క వస్తానంది. జూబ్లీహిల్స్‌లో ఆ క్లినిక్ గోడల నిండా బోసినవ్వుల పిల్లల ఫొటోలు. అక్క ఒక్కో ఫొటో దగ్గరా ఆగి, "ఐదు నెల్లు. ఏడు నెల్లు. గీ పిల్లకు జలుబున్నది," అని చెప్తుంటే, పక్క కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్న ఆడవాళ్ళు మెల్లగా నవ్వడం మొదలుపెట్టారు. ఆ హాల్లో ఎవరైనా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

రిసెప్షన్ అమ్మాయి ఆమెను చూసి, "మీరు పేషెంట్‌కి ఏమవుతారండీ?" అంది.

"చెల్లె నాకు," అంది అక్క, వివరం అక్కర్లేనట్టు.

స్కాన్ గదిలోకి కూడా వచ్చేసింది. డాక్టరుకి నలభై దాటి ఉంటాయి. ఓపికగల మనిషి, వద్దనలేదు. తెర మీద నా అండాశయం కనిపించింది. చుట్టూ చిన్న చిన్న నల్ల చుక్కలు.

"పూసల దండ లెక్కున్నది," అంది అక్క.

డాక్టరు నవ్వింది. "మేమూ అలాగే అంటామమ్మా, ముత్యాల దండ అని. ఇవన్నీ పెరగకుండా ఆగిపోయిన గుడ్లు. ఈ పెద్దది చూడండి, ఇది పెరుగుతోంది. ఈసారి మందు బాగానే పనిచేస్తోంది."

అక్క ఇంకా తెరనే చూస్తోంది.

"డాక్టరమ్మా, నాకు గూడ గిట్లనే ఉండెనా?"

డాక్టరు ఆమె వైపు తిరిగి, "మీకు నెలసరి ఎలా వచ్చేదమ్మా?" అని అడిగింది. అక్క చెప్పింది. నాలుగు నెలలకోసారి, ఆరు నెలలకోసారి. గడ్డం మీద వెంట్రుకలు. మెడ వెనకాల నల్లటి మచ్చ. నలభై దాటకముందే షుగర్. నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి కూడా చెప్పింది. పెళ్ళయిన రెండో ఏడు ఐదు నెలలు వరసగా రాలేదట. కడుపే అనుకున్నారు. అత్తగారు వాడకట్టంతా స్వీట్లు పంచింది. ఆరో నెలలో నెలసరి వచ్చేసింది.

"మా అత్త మూడొద్దులు మాట్లాడలే నాతోని," అంది అక్క. "నాలుగో రోజు సంది మాట్లాడుడు బందు చెయ్యలే. గొడ్డుమోతుదన్నది. ఏ జన్మల ఏం పాపం చేసినవో అన్నది. ముప్పై నాలుగేండ్లాయె."

"ఎవరూ స్కాన్ చేయించలేదా?"

"గప్పట్ల మాకు స్కాను యాడిదమ్మా."

"మీవారికి పరీక్షలు?"

"ఆయన్నెవ్వలడిగిన్రు?"

డాక్టరు గ్లౌజులు తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ మీరు చెప్పినవి వింటుంటే చాలావరకు ఇదే అయి ఉంటుంది. ఇది పాపం కాదు, శాపం కాదు. షుగర్ లాగా, బీపీ లాగా శరీరంలో ఒక తేడా. దీనికొక పేరుంది."

"గా పేరు జర రాసియ్యరాదు. తెలుగుల."

డాక్టరు ప్రిస్క్రిప్షన్ కాయితం తీసుకుంది. తెలుగు రాసి చాలా కాలమైనట్టుంది, ఒక వత్తు దగ్గర ఆగి నన్నడిగి మరీ రాసింది. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. అక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. బయటికి రాగానే జీవితంలో మొదటిసారి ఆటోని చెయ్యెత్తి ఆపింది.

"షేక్‌పేట. పా చెల్లె, నువ్వు గూడ ఎక్కు."

షేక్‌పేట పాత ఊరి భాగంలో, ఫ్లైఓవర్ మీది వాహనాల మోత వినిపించే సందులో రెండు గదుల ఇల్లు. మంచం మీద అత్తగారు కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, కాళ్ళు పనిచెయ్యవు, నోరు పనిచేస్తుంది. "గింత జల్ది వచ్చినవేంది, పని లేదా?" అంది మమ్మల్ని చూడగానే.

అక్క కాయితం తీసి నా చేతికిచ్చింది. "సదువు చెల్లె. నేను సదివితే నేనే కల్పించిన్నంటది."

నేను మంచం పక్కన నిలబడి, బళ్ళో పిల్లలాగా, ఆ మూడు మాటలు పైకి చదివాను.

"గదేంది?"

"బీమారి పేరు," అంది అక్క. "నాకున్న బీమారి. గుడ్డు పెరగదు, మధ్యల ఆగిపోతది. గందుకే కడుపు నిలువలే. ఏ పాపం లేదు, డాక్టరమ్మ చెప్పింది. ముప్పై నాలుగేండ్లు అన్నవు గదా నన్ను. గీ పేరు ఇను."

ముసలామె కోడలి ముఖం చూడలేదు. నన్ను చూస్తూ అడిగింది.

"దాంట్ల నెల నెల రాదా బిడ్డా?"

"రాదండీ."

"గడ్డం మీద ఎంట్రుకలొస్తయా?"

"కొందరికి వస్తాయండీ."

ఆమె తన గడ్డం తడుముకుంది. ముడతల మధ్య నాలుగైదు తెల్ల వెంట్రుకలు ఉన్నాయి.

"నాకూ గట్లనే ఉండె," అంది. "పెండ్లైన తొమ్మిదేండ్లకు పుట్టిండు దీని మొగడు. గొక్కడే. గప్పటిదాక మా అత్త నన్ను గదే మాట అన్నది."

అక్క గోడకు ఆనుకుంది. "గట్లైతే నన్నెందుకన్నవు?"

"నాకు పుట్టిండు గద, నీకూ పుడ్తడని చూసిన. తొమ్మిదేండ్లు చూసిన. పుట్టలే. కోపం ఇంక పెరిగింది."

"నా మీదనా?"

అక్క వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళ చప్పుడు కాసేపు వినిపించింది. ముఖం కడుక్కుని, కంచంలో అన్నం పెట్టుకుని వచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టి, "తిను. షుగర్ గోలి ఏస్కో ముందు," అంది. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది.

నన్ను సందు చివరిదాకా దిగబెట్టడానికి వచ్చినప్పుడు మాత్రం, "గా మాట మొదట్లనే చెప్తే ఏం పోతుండె," అంది. అంతే. తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత థియేటర్‌కి వచ్చిన ఏ ఆడపిల్ల నెలసరి గురించి నసిగినా, అక్క మూడు మాటల ఆ పేరు తప్పు లేకుండా పలికేది. "పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. పోయి చూపిచ్చుకో. మెంతులు తినకు, గవేం చెయ్యయి."

ఆ నెల కూడా నాకు నిలవలేదు. ఆ తర్వాతి నెల నిలిచింది. ఎవరికీ చెప్పకముందే అక్కకు తెలిసిపోయింది. ఆమె అల్లం డబ్బా మూత తీస్తే నేను ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి డబ్బా సంచిలో పెట్టేసి, నోరు పుక్కిలించుకుని కూర్చుంది.

"మంచిది," అంది. "మూడు నెల్లు ఎవ్వలకు చెప్పకు. నాకు గూడ చెప్పలే అనుకో."

ఆ తొమ్మిది నెలలూ అల్లం ముక్క లేకుండానే ఏడ్చింది. గొంతు పట్టేస్తే గోరువెచ్చటి నీళ్ళు తాగేది.

పాప పుట్టిన రెండో రోజు అక్క ఆసుపత్రికి వచ్చింది. వచ్చేసరికి పాప ఏడుస్తోంది. మా అమ్మ ఎత్తుకోబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "జర ఆగమ్మా. ఒక్క నిమిషం." ఉయ్యాల మీదికి వంగి, చెవి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నది. మా అమ్మ నా వైపు అయోమయంగా చూసింది.

"రాంగ్!" అంది అక్క లేచి నిలబడి. "ముప్పై ఏండ్ల సంది రాంగ్ ఏడుస్తున్న. గీ పిల్ల ముందుగాల ఊపిరి తీస్కుంటలేదు. ఊపిరి ఇడుస్త ఇడుస్తనే మొదలువెడ్తున్నది. చూసినవా?"

నేను కుట్లు నొప్పెట్టేలా నవ్వాను. అప్పుడు పాపని ఎత్తుకుంది. పాప ఊరుకుంది. అక్క మాత్రం, "అయిపోయింది బిడ్డా," అనలేదు. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. మా అమ్మ కుర్చీ జరిపినా కూర్చోలేదు.

పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక పొద్దున అక్క తన వంటింట్లోనే కూలిపోయింది. గుండె అన్నారు. థియేటర్ వాళ్ళ గ్రూపులో మెసేజ్ చూసి నేనూ మురళీ షేక్‌పేట వెళ్ళాం. ఆ చిన్న ఇంటి ముందు అంతమంది సినిమా వాళ్ళు ఉంటారని అనుకోలేదు. లైట్‌మన్లు, డబ్బింగ్ ఆర్టిస్టులు, ఇద్దరు దర్శకులు. అత్తగారు మంచం మీదే ఉంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"గా పేరేంది బిడ్డా, మల్ల చెప్పు. వచ్చినోళ్ళందరు పిల్లలెంతమందని అడుగుతున్రు."

చెప్పాను. ఆమె రెండుసార్లు పెదాలతో అనుకుంది. ఆ తర్వాత వచ్చిన ఒకావిడతో, "పిల్లల్లేరు. బీమారి ఉండె దానికి. దానిది తప్పేం లేదు," అంటుంటే నేను పక్కనే ఉన్నాను.

నెల తిరిగాక అక్క భర్త మా థియేటర్‌కు వచ్చాడు. నలభై ఏళ్ళు షూటింగుల్లో లైట్లు మోసిన మనిషి. డబ్బింగ్ థియేటర్ లోపల అడుగు పెట్టడం మాత్రం అదే మొదలట. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మీసం నిజంగానే సరిగా రాలేదు. కుర్చీ అంచు మీద కూర్చుని గది నలువైపులా చూశాడు.

"గామె గొంతు మీ దగ్గరుంటది గదమ్మా?"

"ఉంటుందండీ. చాలా సినిమాలవి ఉన్నాయి."

"గది గాదు. గా పిల్లల ఏడుపు గాదు. గామె గొంతు." ఆగి మళ్ళీ అన్నాడు. "ఫోన్ల ఫోటోలున్నయి గని మాట లేదు. ఎప్పుడు ఎదురుంగనే ఉండె. ఎందుకు తీస్కుంటం?"

మా దగ్గర ఉన్నవన్నీ టేక్‌లే. టేక్‌లన్నిటిలో ఏడుపులే. చూస్తానని చెప్పి పంపించి, మూడు రోజులు పని అయ్యాక పాత హార్డ్‌డిస్కులు వెతికాను. చివరికి ఒక సెషన్ దొరికింది. రిహార్సల్‌కు ముందే నేను పొరపాటున రికార్డు నొక్కేసిన రోజు. ఆయన్ని పిలిపించి, హెడ్‌ఫోన్స్ ఇవ్వకుండా పెద్ద స్పీకర్లోనే పెట్టాను.

ముందు గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత అక్క మాట గదంతా నిండిపోయింది.

"చెల్లె, జర జల్ది కానియ్. ఇంటికి పోవాలె నేను. గాయనకు చాయ్ పెట్టుడు రాదు. నేను పోయెదాక గట్లనే కూసుంటడు, ఎవ్వల్ని అడగడు. నువ్వు నవ్వకు, నిజం చెప్తున్న. నలభై ఏండ్లు లైట్లు ముట్టిచ్చిండు, పొయ్యి ముట్టిచ్చుడు రాదు."

అవతల నేను నవ్వడం, ఆమె "రెడీ సారూ" అనడం వినిపించాయి. ఏడుపు మొదలయ్యేలోపు ఆపేశాను.

"మల్లొకపారి పెట్టమ్మా," అన్నాడు. పెట్టాను. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి అక్క మాట అయిపోగానే స్పీకర్ వైపు కొంచెం వంగాడు.

"వస్తది," అన్నాడు దానితో. "నేర్చుకున్న. అమ్మకు గూడ చాయ్ నేనే పెడ్తున్న."